ఇనప చెట్టుకి నీళ్ళు

నూజివీడు వెళ్ళొచ్చానని తెలియగానే విజయనగరంలో మా వీధివాళ్ళంతా అడిగింది ఒకటే మాట: "రసాలేవండీ?" మే నెలలో నూజివీడు వెళ్ళి మామిడిపండు లేకుండా తిరిగొచ్చిన మనిషిని వాళ్ళు ఇంతవరకు చూడలేదట. నా సంచిలో ఉన్నవి రెండు జతల బట్టలు, డైరీ, నేల ఎర్త్ కొలిచే నా పాత మెగ్గరు, ఒక కాలిపోయిన పెట్టె. ఆ పెట్టె తీసి చూపిస్తే పక్కింటి మేష్టారు ముక్కు మూసుకుని, "దీని కోసమా అంత దూరం వెళ్ళారు?" అన్నారు.

దాని కోసమే వెళ్ళాను.

నేను టెలిఫోన్ల శాఖలో, మైక్రోవేవ్ స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యాను. కొండ మీద టవరు, టవరు కింద ఒక గది, గదిలో ఇద్దరు మనుషులు. అదీ మా ఉద్యోగం. చాలా ఏళ్ళు ఆ రెండో మనిషి ప్రసాదరావు. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకరు టీ పెడితే రెండోవాళ్ళు గ్లాసులు కడిగేవాళ్ళు. ప్రసాదరావు ఇప్పుడు లేడు. అతని కూతురు మాధవి నూజివీడులో చిన్న ఇంటర్నెట్ వ్యాపారం నడుపుతోంది. తీగలు లాగడానికి వీల్లేని తోటలకీ, పల్లెలకీ డిష్‌ల ద్వారా గాలిలోనే నెట్ పంపిస్తుంది. ఒక రోజు ఫోన్ చేసి, "బాబాయ్, పిడుగులు నా మీద పగబట్టాయి. ఒక్కసారి వచ్చి చూస్తారా?" అంది.

మా ఆవిడ పోయిన తర్వాత నన్ను ఎవరూ, ఎక్కడికీ, ఏ పని మీదా రమ్మనలేదు. ఆ సాయంత్రమే మెగ్గరు దుమ్ము తుడిచాను.

రాలిన కాయల బస్సు

ఏలూరులో రైలు దిగి బస్సెక్కాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారాక నా పక్కన ఒకావిడ పెద్ద గంపతో కూర్చుంది. గంపనిండా పచ్చి మామిడికాయలు. కొన్నిటికి తొడిమ దగ్గర సొన ఎండి నల్లటి చారలు కట్టింది.

"కోసినవా?" అని అడిగాను.

"కోసిందెవరండీ, గాలి కోసింది. నిన్న సాయంత్రం అరగంట ఊపేసి పోయింది. చెట్టు మీద ఉంటే రసం, కింద పడితే పచ్చడి."

గంప మొత్తం నూటయాభైకి అడుగుతున్నారట. మా వైపు అంత గంప ఆ ధరకి కలలో కూడా రాదు. ఆ మాటే అంటే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీ వైపు ఏం కాయలుంటాయండీ?" అంది.

"సువర్ణరేఖ ఉంది. పనుకులు ఉన్నాయి."

"పనుకులా? పేరు వింటేనే పళ్ళు ఊడేట్టున్నాయి," అని నవ్వింది. నేనూ నవ్వాను. నూజివీడు రాకముందే దిగిపోయింది. దిగుతూ గంపలోంచి ఒక కాయ తీసి నా ఒళ్ళో పెట్టింది. పేరు అడగడం మరిచిపోయాను. ప్రయాణాల్లో ఇదొక ఇబ్బంది. మాట కలిసేసరికి స్టాపు వస్తుంది.

మాధవి మేడ మీద

మాధవి ఇంటి మేడ మీద టవరు ఉంది. టవరు కింద రేకుల గదిలో ఒక బల్ల. దాని మీద ఈ వేసవి గాలివానలకి పోయిన సామాను వరసగా పేర్చి ఉంది. పళ్ళెం లాంటి డిష్, దాని వెనక అరచేతి వెడల్పున ఒక తెల్ల పెట్టె. ఆ పెట్టెను వీళ్ళు రేడియో అంటారు. పాటలు పాడేది కాదు. ఒక స్తంభం మీది రేడియో ఇంకో స్తంభం మీది రేడియోతో మాట్లాడుతుంది, అంతే.

కాలిన సామాను దగ్గర నా పద్ధతి ఒకటే. ముందు చూడాలి, తర్వాత వాసన చూడాలి, చివరికి కొలవాలి. ఒక్కొక్క పెట్టే విప్పి వాసన చూస్తుంటే మాధవి నవ్వింది.

"నాన్న కూడా ఇలాగే ముక్కు దగ్గర పెట్టుకునేవాడు."

"ఏటి, మరి? ముక్కు అబద్ధం చెప్పదు."

"ఏటి!" అని మళ్ళీ నవ్వింది. "బాబాయ్, ఇక్కడ ఏంటి అనకపోతే ఆటో వాళ్ళు రెట్టింపు అడుగుతారు."

అన్ని పెట్టెల్లోనూ దెబ్బ ఒకే చోట ఉంది. ఆకాశం వైపు చూసే యాంటెనా భాగం శుభ్రంగా ఉంది. కింది నుంచి తీగ వచ్చి గుచ్చుకునే చోటు నల్లగా మాడింది. అంటే పిడుగు పైనుంచి దిగలేదు. కింద నుంచి ఎక్కింది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు రాస్తాను. పిడుగు సామాను మీదే పడక్కర్లేదు. పక్క తోటలో పడ్డా దగ్గర్లో ఉన్న తీగలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడతాయి. ఆ ఉలికిపాటు నేలలోకి దిగిపోవడానికి స్తంభం పక్కన ఒక గొయ్యి తవ్వి, గొట్టం పాతి, ఉప్పూ బొగ్గూ వేసి, తడిగా ఉంచుతారు. దాన్ని ఎర్త్ గొయ్యి అంటారు. నేల తడిగా ఉంటే ఉలికిపాటు దానిలోకి పోతుంది. లేకపోతే దారి వెతుక్కుంటూ పెట్టెలోకి పోతుంది.

"ఇవన్నీ ఎక్కడివి?" అన్నాను.

"ఒకే స్తంభం మీదివి. చింతలపూడి దారిలో ఒక తోట ఉంది. అక్కడి నుంచి అవతలి పల్లెకి లైను పోతుంది. పోయిన వానాకాలంలో నిలబెట్టాం. చలికాలమంతా బంగారంలా పనిచేసింది. ఈ వేసవి మొదలయ్యాక, ఉరిమిందంటే చాలు, పోతోంది."

భోజనం దగ్గర అసలు సంగతి చెప్పింది. బస్సులో ఆవిడ ఇచ్చిన కాయతోనే పప్పు చేసింది. మా ఇంట్లో అయితే బెల్లం ముక్క పడేది. ఇక్కడ వెల్లుల్లీ ఎండుమిరపా దంచి పోపు పెట్టారు. బాగుంది. నాకు మాత్రం బెల్లం గుర్తొచ్చింది.

"నా దగ్గర ఇంక ఒక్క జత రేడియోలే ఉన్నాయి బాబాయ్. అవీ కాలితే ఆ స్తంభం పీకేస్తాను. పల్లెకి రైసుమిల్లు మేడ మీదుగా వేరే దారి చూసి పెట్టుకున్నాను."

"మంచిదే కదా. ఎవరికి నష్టం?"

మాధవి కంచంలో అన్నం కెలికింది. "తోట కాపలా సోమయ్య గుడిసెకి. స్తంభానికి చోటిచ్చినందుకు వాళ్ళకి వైఫై ఊరికే ఇచ్చాను. వాళ్ళావిడ పున్నమ్మకి వినపడదు, మాటా రాదు. ఆవిడ చెల్లెలు మంగకీ అంతే. చెల్లెల్ని భీమవరం వైపు ఇచ్చారు, రొయ్యల షెడ్డులో పని. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చేతులతో వాళ్ళకంటూ ఒక భాష కట్టుకున్నారు. అది లోకంలో వాళ్ళిద్దరికే వచ్చు. ఆ తోట పల్లంలో ఉంది, మామూలు ఫోన్‌లో మాట తెగుతూ వస్తుంది, బొమ్మ అసలు రాదు. మాట వచ్చినా ఆవిడకేం లాభం?"

"అంటే స్తంభం తీసేస్తే..."

"ఆవిడతో మాట్లాడే మనిషి ఉండదు. అందుకే మిమ్మల్ని పిలిచాను. పీకమని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు."

సోమయ్య తోట

మర్నాడు మాధవి స్కూటీ వెనక మెగ్గరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారికి రెండు వైపులా మామిడి తప్ప ఇంకో చెట్టు లేదు. మా విజయనగరం తోటల్లో మధ్యమధ్య జీడిమామిడి, కొబ్బరి కలిసి ఉంటాయి. ఇక్కడ చెట్లు బడి పిల్లల్లా వరసల్లో నిలబడ్డాయి. కోతలు సాగుతున్నాయి. పొడుగాటి కర్రకి చిక్కం కట్టి కాయ కోస్తున్నారు. ఆడవాళ్ళు తొడిమ తుంచి కాయని బోర్లా పెట్టి సొన కార్చేస్తున్నారు. సొన చేతికి తగిలితే చర్మం ఊడొస్తుందట.

సోమయ్య గేటు దగ్గరే ఎదురొచ్చాడు. స్తంభం చేరేలోపు ఆ తోటలో ఎన్ని రకాలున్నాయో, యజమాని ఎక్కడుంటాడో, కోతుల్ని ఎలా తోలాలో, తన మోకాలి నొప్పికి ఏ ఆకు పనిచేసిందో చెప్పేశాడు.

"సోమయ్య గారూ, కాస్త ఊపిరి తీసుకోండి," అంది మాధవి.

"ఏం చెయ్యనమ్మా, మా ఇంట్లో ఇద్దరి మాటలూ నేనొక్కణ్ణే మోయాలి కదా!"

పున్నమ్మ గుడిసె ముందు గేదెకి కుడితి పెడుతోంది. సన్నటి మనిషి, నలభై దాటి ఉంటుంది. మాధవిని చూసి రెండు పిడికిళ్ళూ ముందుకి పెట్టి తిప్పింది.

"అది పాప గారి పేరండి, స్కూటీ," అన్నాడు సోమయ్య. పున్నమ్మ నావైపు తిరిగి పరీక్షగా చూసింది. అప్పుడే జారిన కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకున్నాను. వెంటనే ఆవిడ వేలితో అదే పని చేసి సోమయ్యకి చూపించింది. "అయిపోయిందండి, మీకూ పేరు పడిపోయింది."

స్తంభం ఒక పాత చిన్నరసం చెట్టు పక్కన ఉంది. పైన రెండు డిష్‌లు. ఒకటి నూజివీడు వైపు, ఇంకోటి పల్లె వైపు. కింద ఎర్త్ గొయ్యి. పైన సిమెంటు మూత, మూత మధ్యలో నీళ్ళు పోయడానికి గొట్టం. మెగ్గరు మేకులు దిగ్గొట్టడానికి చోటు చూస్తూ చెట్టు కొమ్మని ఆనుకున్నాను. మరుక్షణం మెడ మీద నిప్పు పడ్డట్టయింది. ఎర్రచీమల గూడు! చొక్కా విప్పి ఎగురుతుంటే పున్నమ్మ పరుగున వచ్చి గోనెసంచితో నా వీపు దులిపింది. దులుపుతూ నవ్వింది. గొంతులోంచి కాదు, భుజాలతో.

తర్వాత ఎర్త్ తీగ విప్పి, కొలిచి మేకులు పాతి, మెగ్గరు పిడి తిప్పాను. నేల మంచిదైతే ముల్లు ఎడమ వైపునే కదలాడుతుంది. ఇక్కడ ముల్లు ఎగిరి కుడి చివర కూర్చుంది. మేకులు జరిపి మళ్ళీ కొలిచాను. అదే. సిమెంటు మూత ఎత్తించాను. లోపల బొగ్గు బూడిదలా పొడిగా ఉంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. మొన్నటి వాన మూత మీద జారిపోయిందే తప్ప లోపలికి చుక్క దిగలేదు.

"నీళ్ళు పొయ్యట్లేదా?" అన్నాను.

"అదేంటండీ! పున్నమ్మ రోజూ పోస్తుంది," అన్నాడు సోమయ్య.

"నిలబెట్టిన రోజే చేత్తో చూపించి చెప్పాను బాబాయ్, బిందె ఎత్తి, గొట్టంలో, రోజూ అని," అంది మాధవి.

నేను గొయ్యి చూపించి, బిందె వంచినట్టు చేసి, చెయ్యి తిప్పి 'ఏదీ?' అని అడిగాను. పున్నమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. నిటారుగా ముంజేయి నిలబెట్టి వేళ్ళు విప్పింది. అది చెట్టు. ఆ ముంజేతినే రెండో చేతి పిడికిలితో టకటకా కొట్టింది. తర్వాత చిన్నరసం చెట్టుకి వేలాడే కాయల్ని చూపించి, పిడికిలి బిగించి అడ్డంగా ఊపింది.

సోమయ్య తల పట్టుకున్నాడు. "ఓరి దేవుడో! కాయ ముదిరాక చెట్టుకి నీళ్ళు ఆపేస్తామండీ. అప్పుడు నీళ్ళిస్తే పండు చప్పబడిపోద్ది. ఇది స్తంభాన్ని ఇనప చెట్టు అంటదండీ, ఇనుము, చెట్టు. తోటలో నీళ్ళు ఆపేసిన రోజున దీనికీ ఆపేసిందన్నమాట!"

మాధవి పకపకా నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది. గొయ్యి చుట్టూ పున్నమ్మ మట్టితో గుండ్రంగా పాదు కూడా చేసి ఉంచింది, పక్క చెట్టుకి చేసినట్టే. ఆ పాదు చూశాక నవ్వు ఆగింది.

ఆవిడకి చెప్పాలి. కానీ ఎలా? సోమయ్యకి వచ్చిన సైగలు పని వరకే: నీళ్ళు, అన్నం, రా, వద్దు. తప్పు నీది అని చెప్పగలడు. ఎందుకో చెప్పలేడు. ఈలోగా పడమట మబ్బు లేచింది.

గాలివాన

"ఆ జత పెట్టేద్దాం బాబాయ్, నీళ్ళు పోసేశాం కదా," అంది మాధవి. రెండు బిందెలు పోశాం నిజమే. ఎండిన గొయ్యి రెండు బిందెలకి లొంగదు. మళ్ళీ కొలిస్తే ముల్లు కొద్దిగా దిగింది, అంతే. వద్దన్నాను. చివరి జత రేడియోలున్న అట్టపెట్టెని నా ఒళ్ళో పెట్టుకుని ప్యాకింగ్ షెడ్డులో కూర్చున్నాను.

గాలి ముందు వచ్చింది. తర్వాత కాయలు రాలే చప్పుడు. వాన తక్కువ, మెరుపులెక్కువ. ప్రతి చప్పుడుకీ సోమయ్య, "అది బంగినపల్లి... అది కలెక్టరు కాయ..." అంటున్నాడు. కొంతసేపటికి అతనికీ మాటలు అయిపోయాయి.

పున్నమ్మ షెడ్డు గుంజకి ఆనుకుని, చెప్పులు విడిచి, అరికాళ్ళు నేలకి ఆనించి కూర్చుంది. ఉరుము వచ్చినప్పుడల్లా ఆవిడ కాలి వేళ్ళు ముడుచుకునేవి. దగ్గర్లో ఎక్కడో పిడుగు పడ్డప్పుడు మేమందరం చెవులు మూసుకున్నాం. ఆవిడ మాత్రం అరచెయ్యి నేల మీద పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ఫోన్ తీసి చూసుకుంది. అందులో లైను లేదు. మళ్ళీ లోపల పెట్టుకుంది. కాసేపటికి మళ్ళీ తీసింది.

మా ఆవిడ పోయిన కొత్తలో నేనూ అంతే. ఎవరూ చెయ్యరని తెలిసినా ఫోన్ తీసి చూసేవాణ్ణి.

హనుమాన్ జంక్షన్

మర్నాడు మాధవికి ఊళ్ళో పనులుంటే నేనొక్కణ్ణే హనుమాన్ జంక్షన్ వెళ్ళాను, బొగ్గు, కల్లుప్పు, రాగి బిగింపులు కొనడానికి. నూజివీడులోనూ దొరికేవే. కానీ గదిలో కూర్చోలేకపోయాను.

జంక్షన్‌లో నిలబడితే లోకమంతా మన పక్క నుంచి వెళ్ళిపోతున్నట్టుంటుంది. కాయల లారీలు ఉత్తరానికి, ఖాళీ లారీలు దక్షిణానికి. కాలేజీ పిల్లలు వీపు సంచులతో బస్సుల వెంట పరుగెడుతున్నారు. ఉప్పు కొట్టులో బస్తా అడిగితే షావుకారు, "ఆవకాయకాండీ?" అన్నాడు.

"కాదు, గోతిలో పొయ్యడానికి."

ఆయన మొహం మారిపోయింది. గొంతు తగ్గించి, "ఎవరు పోయారండీ?" అన్నాడు. శవాన్ని పూడ్చేటప్పుడు ఉప్పు వేస్తారని అప్పుడు గుర్తొచ్చింది. పిడుగు సంగతంతా చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకుని బస్తా మీద పది రూపాయలు తగ్గించాడు. "మీరు ఒక్కరే వచ్చి అడిగితే అలా అనుకున్నానండీ," అన్నాడు.

టీ కొట్టులో రెండు గ్లాసులు చెప్పబోయి ఆగాను. ప్రసాదరావుతో ఎర్త్ సామాను కొనడానికి వెళ్ళినప్పుడల్లా రెండు చెప్పేవాణ్ణి. చేతులకింకా ఆ లెక్కే గుర్తుంది. ఒక్క గ్లాసు తాగాను. ఇక్కడ టీలో అల్లం ఎక్కువ.

కొమ్ములు

మరుసటి రోజు గొయ్యి మళ్ళీ తవ్వాం. పాత బొగ్గు తీసేసి, వరసగా బొగ్గూ ఉప్పూ వేసి, తుప్పు పట్టిన బిగింపు మార్చాం. సోమయ్య, పున్నమ్మ బోరు దగ్గర నుంచి బిందెలు మోశారు. నేల గుటకలు వేస్తూ తాగింది. మధ్యాహ్నం దాటాక కొలిచాను. ముల్లు ఎడమ వైపు వచ్చి నిలబడింది. ఇంత నెమ్మదిగా నిలబడ్డ ముల్లుని చూసి చాలా కాలమైంది.

ఇక చెప్పాల్సింది మిగిలింది. ఈరోజు తడిపి వెళ్ళిపోతే వచ్చే ఏడాది కాయ ముదిరినప్పుడు ఆవిడ మళ్ళీ నీళ్ళు ఆపేస్తుంది. అది ఆవిడ పని, ఏ ఏడూ తప్పదు.

కాలిన పెట్టె ఒకటి తీసి పున్నమ్మ చేతిలో పెట్టాను. మెరుపు చూపించాను, రెండు చేతులూ వంకరగా కిందికి దించి. పొడి మట్టి పిడికెడు తీసి చూపించి, కాలిన చోటు వేలితో తాకాను. తర్వాత తడిమట్టి చూపించి, కొత్త పెట్టె చూపించాను. మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఆవిడ పొడి మట్టిని చూసింది. గొయ్యి చూసింది. చేతిలోని పెట్టెని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అప్పుడు ఆవిడ మొహంలో వెలుగు తగ్గడం నాకు కనిపించింది. రెండు వేళ్ళతో ముక్కుపుడక ఉండే చోటు తాకింది. తర్వాత తన గుండె మీద చూపుడు వేలు గుచ్చుకుంది.

"ముక్కుపుడకంటే మంగండి," అన్నాడు సోమయ్య, ఈసారి మెల్లగా. "చెల్లెలి లైను నేనే ఆపేశానంటోంది."

కాదు కాదని నేను రెండు చేతులూ ఊపాను. మాధవి వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది.

గుడిసె ముందు గేదె అరిచింది. పున్నమ్మకి వినపడలేదు కానీ, మేమందరం అటు తిరగడం చూసి తనూ తిరిగింది. గేదె ఖాళీ తొట్టిని మూతితో నెడుతోంది. ఆవిడ తొట్టిని చూసింది, స్తంభం కింది గొయ్యిని చూసింది, తలెత్తి పైన రెండు వైపులకీ తిరిగి ఉన్న డిష్‌లని చూసింది. ముంజేయి నిలబెట్టి, పిడికిలితో కొట్టి, ఇనప చెట్టు అంది. వెంటనే దాన్ని అరచేత్తో గాలిలో చెరిపేసింది. రెండు చూపుడువేళ్ళు తలకి ఇరువైపులా పెట్టుకుంది. కొమ్ములు. స్తంభాన్ని చూపించింది. మళ్ళీ కొమ్ములు. బిందె వంచింది. వేలితో సూర్యుణ్ణి తూర్పు నుంచి పడమటికి తిప్పి, మళ్ళీ తిప్పి, మళ్ళీ తిప్పింది.

"గేదెండి!" అని సోమయ్య గంతేశాడు. "చెట్టు కాదంట, గేదెంట! గేదెకి నీళ్ళు ఆపెయ్యడమన్నది ఉండదు కదండీ, ఎండైనా వానైనా!"

నేను కూడా నా తలకి రెండు వేళ్ళు పెట్టుకుని, అవునని ఊపాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎర్త్ గొయ్యిని అంత చక్కగా ఎవరికీ చెప్పలేకపోయాను.

రేడియోలు బిగించాక పల్లెవైపు దీపం వెలిగింది, నూజివీడు వైపు దీపం వెలిగింది. పున్నమ్మ ఫోన్ గూట్లో నిలబెట్టి, దాని ముందు కూర్చుంది. తెరమీద తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ కనిపించింది. చేతులు తడిగా ఉన్నాయి, వెనక రొయ్యల ట్రేలు. ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు. నాలుగు చేతులూ గాలిలో ఎగిరాయి. ముక్కుపుడక, స్కూటీ, కళ్ళజోడు, చీమలు, కొమ్ములు ఎక్కడో మెరిసి పోయాయి. మిగతావి నాకు అందలేదు.

"నాకూ సగం తెలీదండీ," అన్నాడు సోమయ్య. అది చెప్పాక అతను నిజంగానే ఊరుకున్నాడు. ఆ గదిలో చిన్న చప్పుడు లేదు. అంత సందడిగా ఉన్న ఇల్లు నేను చూసి ఎన్నాళ్ళయిందో. మేం ముగ్గురం గుమ్మం బయట నిలబడ్డాం.

తిరిగి వెళ్తూ స్కూటీ మీద మాధవి అంది, "మీరు చెప్పారు కాబట్టి ఉంచుతున్నాను బాబాయ్. కానీ ఇంకొక్క పెద్ద గాలివాన చూస్తా. అందులో కాలితే మాత్రం నా చేతిలో ఇంక ఏమీ లేదు. పీకాల్సిందే." న్యాయమైన మాట. వాళ్ళ నాన్న కూడా అలాగే అనేవాడు. పరీక్షకి నిలబడనిదాన్ని రిపేరు అనకూడదని.

బయల్దేరే ముందు సోమయ్య నా నంబరు అడిగి తీసుకున్నాడు. చిన్నరసాల బుట్ట ఒకటి కట్టి ఇచ్చాడు కూడా. రైల్లో నా ఎదురుగా ఇద్దరు పిల్లల్ని వేసుకుని ఒకామె కూర్చుంది. తునివరకు వాళ్ళు నాతో మాట్లాడుతూనే ఉన్నారు, బుట్ట ఖాళీ అయ్యేదాకా. మా వీధివాళ్ళ ప్రశ్నకి జవాబు అదీ.

విజయనగరం

ఇంటికొచ్చి తాళం తీస్తే గదిలో వారం రోజుల గాలి అలాగే నిలబడి ఉంది. కిటికీలు తెరిచాను. టీ పెట్టుకున్నాను. ఒక్క గ్లాసు కడిగాను.

తర్వాత రోజుల్లో సాయంత్రం కాగానే టీవీలో వాతావరణం వార్తలు చూడటం అలవాటైంది. ఒక రోజు కృష్ణా, ఏలూరు జిల్లాల్లో ఈదురుగాలులు, పిడుగులు అన్నారు. విరిగిన కొమ్మలు, రాలిన కాయలు చూపించారు. మాధవికి ఫోన్ చెయ్యాలని తీసి మళ్ళీ పెట్టేశాను. కాలితే ఆ మాట ఆ పిల్ల నోటితో వినాలి. కాలకపోతే తనే చేస్తుంది. చెయ్యలేదు. మర్నాడు పొద్దున్న కూడా చెయ్యలేదు. పక్కింటి మేష్టారు పేపరు ఇవ్వడానికొచ్చి, "ఏం, ఒంట్లో బాగోలేదా?" అన్నారు. బాగానే ఉందన్నాను.

టిఫిను దగ్గర ఫోన్ మోగింది. తెలియని నంబరు. మాటల ఫోన్ కాదు, బొమ్మ ఫోన్.

ముందు తడిసిన ఆకులు కనిపించాయి. తర్వాత విరిగిన కొమ్మ ఒకటి. తర్వాత ఫోన్ ఊగి, నిలబడి, పున్నమ్మ మొహం వచ్చింది. జుట్టు చెదిరి ఉంది. పక్కనుంచి సోమయ్య గొంతు, "అయ్యగారూ, రాత్రి ఆకాశం ఊడి..." అని ఏదో మొదలుపెట్టింది. ఆవిడ చేత్తో అతన్ని పక్కకి తోసేసింది. ముక్కు మీద లేని కళ్ళజోడుని వేలితో పైకి తోసుకుంది. నన్ను పిలవడమది. తర్వాత బిందె ఎత్తి, సిమెంటు మూతలోని గొట్టంలోకి నీళ్ళు వంచింది. వంచుతూనే పైకి చూడమని గడ్డంతో సైగ చేసింది. సోమయ్య ఫోన్ పైకి తిప్పినట్టున్నాడు. కడిగిన ఆకాశం, రెండు డిష్‌లు.

మళ్ళీ ఆవిడ మొహం. రెండు చూపుడువేళ్ళు తలకి ఇరువైపులా పెట్టుకుని, నా జవాబు కోసం ఆగింది.

వంటింట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. చేతికున్న చట్నీ తుడుచుకుని, ఫోన్ నీళ్ళ గ్లాసుకి ఆనించి నిలబెట్టి, రెండు వేళ్ళూ తలకి పెట్టుకున్నాను.